ఇంజన్ హెడ్డు బోల్టుల బిగింపులో మెళకువలు

యాచారం, ఇబ్రహీంపట్నం వైపు నలుగురైదుగురు రైతులు కలిసి ఒక పాత డీసీఎం బండిలో టమాటా, వంకాయ, ఆకుకూరలు వేసుకుని తెల్లవారుజామున సరూర్‌నగర్ రైతుబజారుకు బయలుదేరారనుకోండి. సాగర్ రోడ్డు మీద బీఎన్ రెడ్డి నగర్ దాటేసరికి వేడి చూపే ముల్లు ఎర్రగీత మీదికి ఎక్కింది. ఎల్బీనగర్ చౌరస్తా దగ్గరికి వచ్చేసరికి వెనక తెల్లటి పొగ. బండి పక్కకు ఆపి చూస్తే రేడియేటర్లో నీళ్ళు లేవు. దిల్‌సుఖ్‌నగర్ వైపు నాలుగైదు కిలోమీటర్లు పోతే సరుకు అమ్ముడుపోయేది. ఇప్పుడు బండి షెడ్డుకు, కూరగాయలు ఆటోలకు. ఆ రోజు రాబడి కిరాయికే సరి.

షెడ్డులో మెకానిక్కు హెడ్డు దించి, గాస్కెట్టు మార్చి, సాయంత్రానికి బండి అప్పగించాడు. పదిహేను రోజులు తిరక్కుండానే మళ్ళీ అదే పొగ. గాస్కెట్టు కొత్తదే, మెకానిక్కు అనుభవం ఉన్నవాడే. మరి తప్పెక్కడ జరిగింది? ఇలా రెండోసారి వచ్చిన బండ్లలో చాలాసార్లు తప్పు హెడ్డు బోల్టులు బిగించిన తీరులో దొరుకుతుంది. కొన్ని బోల్టులు ఎక్కువ, కొన్ని తక్కువ బిగిసి ఉంటాయి. అన్నీ ఒకే లెక్కన, ఒక వరుసలో, విడతలవారీగా బిగించడానికి పట్టే సమయం గంటలోపే. ఆ గంట ఆదా చేయబోతే బండి మళ్ళీ షెడ్డుకు వస్తుంది.

1999 జనవరి 26న మొదలైన రైతుబజార్లలో రైతు తన సరుకు తానే తెచ్చి అమ్ముకోవాలి. అందుకే చిన్న, సన్నకారు రైతులకు సైతం బండి బాగోగులు తెలియవలసిన పని పడింది. కొత్తపేట పండ్ల మార్కెట్టు 2021లో బాటసింగారానికి తరలిపోయింది. మార్కెట్టు కదిలినా, ఎల్బీనగర్ దాటాక విజయవాడ రోడ్డు మీద వనస్థలిపురం ఆటోనగర్‌లో లారీల మరమ్మతు షెడ్లు ఉన్నాయి. పానా పట్టేది మెకానిక్కే అయినా, పక్కన కూర్చుని ఏం చూడాలో, ఏం అడగాలో బండి గల రైతుకు తెలిసి ఉండాలి. ఈ పాఠం అందుకోసమే.

హెడ్డు మీద పడే ఒత్తిడి ఎంత?

టాటా లారీల్లో ఎన్నో ఏళ్ళు నడిచిన 697 ఇంజన్ పేరులోనే 6 సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు అన్న లెక్క ఉంది. 97 మిల్లీమీటర్ల బోరు అంటే సుమారు 74 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం. డీజిల్ మండిన క్షణంలో చదరపు సెంటీమీటరుకు 80 కిలోల ఒత్తిడి వచ్చిందనుకుంటే, ఒక్క సిలిండరు హెడ్డును పైకి నెట్టే బలం దాదాపు 6 టన్నులు. అంటే 50 కిలోల డీఏపీ బస్తాలు 120. టర్బో ఉన్న ఇంజన్లో ఇది ఇంకా ఎక్కువ.

ఇంజన్ నిమిషానికి 2,400 చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండరులో సెకనుకు 20 సార్లు ఈ దెబ్బ పడుతుంది. ఇంత ఒత్తిడిలో హెడ్డు వెంట్రుకవాసి కూడా లేవకుండా బోల్టులు పట్టి ఉంచాలి. హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉన్న గాస్కెట్టు మంటను, నీళ్ళను, ఆయిలును మూడింటినీ వేరుగా ఉంచాలి. ఒక్క చోట పట్టు సడలితే మంట ఆ సందులోంచి దూరుతుంది, గాస్కెట్టు అక్కడే కాలిపోతుంది.

బోల్టు స్ప్రింగు లాంటిది

చాలామంది బోల్టు అంటే మేకు లాంటిదనుకుంటారు. బిగిస్తే పట్టి ఉంటుందని, ఇంకా బిగిస్తే ఇంకా పట్టి ఉంటుందని అనుకుంటారు. నిజానికి బిగించినప్పుడు బోల్టు మిల్లీమీటరులో కొద్ది భాగం సాగుతుంది. సాగిన బోల్టు వెనక్కి ముడుచుకోవాలని చూస్తుంది. ఆ ముడుచుకునే బలమే హెడ్డును కిందికి అదిమి ఉంచుతుంది.

తక్కువ బిగిస్తే బోల్టు సాగదు, పట్టు ఉండదు. మరీ ఎక్కువ బిగిస్తే సాగి సాగి తిరిగి ముడుచుకునే గుణం పోతుంది. ఒక్కోసారి బ్లాకులోని మరలు లేచి వస్తాయి, లేదా బోల్టు తెగుతుంది. ఒకటి ఎక్కువ, పక్కది తక్కువ అయితే హెడ్డు వంకర పడుతుంది. నవారు మంచం అల్లేటప్పుడు ఒక మూల నుంచే గట్టిగా లాగుకుంటూ పోతే మంచం కోరపడి ఒక కాలు పైకి లేవదా? ఇదీ అంతే.

విప్పేటప్పుడే జాగ్రత్త మొదలు

ఇంజన్ వేడి మీద హెడ్డు బోల్టులు విప్పకూడదు. పూర్తిగా చల్లారాలి. వేడిగా ఉన్న హెడ్డు మీద పట్టు హఠాత్తుగా ఒక పక్క వదిలితే అది వంగుతుంది. విప్పడం బయటి చివరల నుంచి మొదలుపెట్టి మధ్యకు రావాలి. అన్ని బోల్టులనూ ముందు కొద్దిగా సడలించి, రెండో చుట్టులో పూర్తిగా తీయాలి.

దారిలో బండి వేడెక్కినప్పుడు చేసే పొరపాటు కూడా హెడ్డుకే చేటు. మండుతున్న ఇంజన్లో చన్నీళ్ళు గుమ్మరిస్తే హెడ్డు పగులుతుంది. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే మరిగే నీళ్ళు ముఖాన చిమ్ముతాయి. ముల్లు ఎర్రగీత ఎక్కిన వెంటనే బండి ఆపండి. బజారు దగ్గర్లోనే ఉంది కదా అని తోలితే గాస్కెట్టుతో పోయేది హెడ్డుదాకా, పిస్టన్ పట్టేసేదాకా వస్తుంది.

శుభ్రం, మట్టం

హెడ్డు, బ్లాకు రెండింటి ముఖాల మీద పాత గాస్కెట్టు ముక్క ఒక్కటీ మిగలకూడదు. గ్రైండరుకు గరుకు కాగితం బిళ్ళ తగిలించి రుద్దే అలవాటు మంచిది కాదు. ముఖం గుంటలు పడుతుంది, రాలిన గరుకు పొడి ఆయిలు దారుల్లోకి పోయి బేరింగులను తినేస్తుంది. మొద్దు చాకు లాంటి పలకతో నిదానంగా గీకి, గుడ్డతో తుడవాలి. గీకేటప్పుడు సిలిండర్లలో, ఆయిలు రంధ్రాల్లో గుడ్డలు కుక్కి ఉంచాలి. పని అయ్యాక వాటిని మరవకుండా తీయాలి.

తర్వాత మట్టం చూడాలి. నిటారైన ఉక్కు పట్టీని హెడ్డు ముఖం మీద పొడవునా, అడ్డంగా, రెండు మూలలకూ ఐమూలగా పెట్టి, కింద ఫీలర్ గేజి ఆకు దూరుతుందేమో చూడాలి. 0.1 మిల్లీమీటరు ఆకు దూరుతోందంటే లేత్ షాపులో ఫేసింగు సంగతి ఆలోచించవలసిందే. ఒక్కో ఇంజనుకు ఖాయమైన హద్దు దాని మరమ్మతు పుస్తకంలో ఉంటుంది. వంగిన హెడ్డును బోల్టులతో లాగి సరిచేయడం కుదరదు. బాగా వేడెక్కిన బండి అయితే హెడ్డులో సన్న పగుళ్ళు ఉన్నాయేమో ప్రెషర్ టెస్టు చేయించడం మేలు.

నీళ్ళు తగిలే లైనర్లు ఉన్న ఇంజన్లలో లైనరు అంచు బ్లాకు మట్టం కన్నా పుస్తకంలో చెప్పినంత కొద్దిగా పైకి ఉండాలి, అన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. ఒక లైనరు దిగిపోయి ఉంటే ఎంత బాగా బిగించినా గాస్కెట్టు అక్కడే పోతుంది.

బోల్టు గుంటలు, మరలు

ఇది చాలామంది వదిలేసే పని. బ్లాకులో బోల్టు దిగే గుంటల్లో నీళ్ళు, ఆయిలు నిలిచి ఉంటాయి. అడుగు మూసి ఉన్న గుంటలో ద్రవం ఉండగా బోల్టు బిగిస్తే, ద్రవం అణగదు కాబట్టి బ్లాకే చిట్లుతుంది. గాలి పైపుతో ఊది, గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. ఊదేటప్పుడు కళ్ళు కాపాడుకోండి.

మరలను షెడ్లలో చూడీలు అంటారు. అవి శుభ్రంగా ఉండాలి. బోల్టును చేత్తో తిప్పితే చివరిదాకా సాఫీగా దిగాలి. పానాతో తిప్పే బలంలో సుమారు పదో వంతు మాత్రమే బోల్టును సాగదీస్తుంది. మిగతాదంతా బోల్టు తల కింద, మరల్లో రాపిడికే ఖర్చవుతుంది. తుప్పు, మట్టి ఉంటే ఆ పదో వంతు కూడా మిగలదు. పానా లెక్క సరిగ్గా చూపినా బోల్టు వదులుగానే ఉంటుంది. అందుకే మరలకూ, బోల్టు తల కింద వాషరుకూ కొద్దిగా ఇంజన్ ఆయిలు రాయాలి. ముంచి తీయకూడదు. కొన్ని ఇంజన్లలో నీటి దారిలోకి దిగే బోల్టులకు పూత వేయమని పుస్తకం చెబుతుంది. అక్కడ అదే చేయాలి.

బోల్టులన్నీ పక్కపక్కన నిలబెట్టి చూడండి. ఒకే చోట వాడే బోల్టుల్లో ఏదైనా పొడుగ్గా కనబడినా, నడుము సన్నబడినా అది సాగిపోయిందని అర్థం. దాన్ని పారేయాలి. బోల్టు తల మీద 8.8, 10.9, 12.9 వంటి అంకెలు ఉంటాయి. అవి ఉక్కు గట్టిదనానికి గుర్తులు. 10.9 ఉన్న చోట పాత సామాను దుకాణంలో దొరికిన 8.8 బోల్టు పెడితే అదే పొడవు, అదే లావు ఉన్నా ఆ బిగింపుకు నిలవదు.

బిగించే వరుస

గాస్కెట్టును ఒకసారి వాడితే అంతే, తిరిగి వాడరాదు. దాని మీద పైవైపు గుర్తు ఉంటే అది పైకే ఉండాలి. నీటి రంధ్రాలు, ఆయిలు రంధ్రాలు కలుస్తున్నాయో లేదో చూశాకే హెడ్డు దించాలి.

కల్లంలో పట్టా పరిచి ముడతలు తీసేటప్పుడు చేయి మధ్య నుంచి అంచులకు పోతుంది. అంచుల నుంచి మధ్యకు తోస్తే ముడత మధ్యలో నిలుస్తుంది. హెడ్డు కూడా మధ్య నుంచి మొదలుపెట్టి, అటొకటి ఇటొకటిగా చివరలకు పోవాలి.

ఉదాహరణకు హెడ్డుకు పై వరుసలో 5, కింది వరుసలో 5, మొత్తం 10 బోల్టులు ఉన్నాయనుకోండి. ముందు పై వరుస మూడోది, తర్వాత కింది వరుస మూడోది. ఆ తర్వాత పై నాలుగోది, కింది రెండోది, పై రెండోది, కింది నాలుగోది. చివరగా పై ఐదోది, కింది ఒకటోది, పై ఒకటోది, కింది ఐదోది. ఆ ఇంజన్ పుస్తకంలో వేరే వరుస వేసి ఉంటే అదే పాటించాలి. సుద్దముక్కతో బోల్టుల పక్కన అంకెలు వేసుకుంటే పొరపాటు జరగదు.

ఒకేసారి పూర్తి బిగింపు ఇవ్వకూడదు. పుస్తకంలో చివరి లెక్క 10 కిలో-మీటర్లు అని ఉంటే, మొదటి చుట్టులో అన్నింటికీ 4, రెండో చుట్టులో 7, మూడో చుట్టులో 10 ఇవ్వడం ఒక పద్ధతి. ప్రతి చుట్టూ అదే వరుసలో సాగాలి. చివర మరోసారి 10 దగ్గర అన్నింటినీ సరిచూడాలి. మొదట బిగించిన బోల్టులు, పక్కవి బిగిసేకొద్దీ కొంచెం వదులవుతాయి. ఆ సంగతి ఈ చివరి చుట్టులో తెలుస్తుంది.

"ఈ చెయ్యే టార్కు పానా" అంటే?

"ఉస్తాద్, టార్కు పానా ఉందా?" అని అడిగి చూడండి. "ఎందుకన్నా, ఇరవై ఏండ్ల నుంచి ఈ చెయ్యే టార్కు పానా" అనే జవాబు రావచ్చు. చేతి అనుభవాన్ని తక్కువ చేయనక్కర లేదు. కానీ పొద్దున పట్టిన చేతికి, సాయంత్రం అలసిన చేతికి తేడా ఉంటుంది. నిలబడి లాగిన బోల్టుకు, క్యాబిన్ కింద వంగి లాగిన బోల్టుకు తేడా ఉంటుంది. పానాకు పైపు తొడిగితే ఎంత బలం పడుతోందో చేతికి అసలు తెలియదు.

ఈ లెక్క కష్టమైందేమీ కాదు. బోల్టు నడుమ నుంచి 1 మీటరు దూరంలో 10 కిలోల బలంతో లాగితే 10 కిలో-మీటర్లు. అర మీటరు దూరంలో అయితే 20 కిలోలతో లాగాలి. టార్కు పానా దొరకని పల్లెలో మెకానిక్కులు స్ప్రింగు త్రాసుతోనూ సర్దుకోవచ్చు. పానా చేతిపిడికి బోల్టు నడుమ నుంచి సరిగ్గా 50 సెంటీమీటర్ల దగ్గర త్రాసు కొక్కెం తగిలించి, పిడికి నిలువు కోణంలో మెల్లగా లాగుతూ, 20 కిలోలు చూపగానే ఆపితే అదే 10 కిలో-మీటర్లు. త్రాసు సరైనదై ఉండాలి. ఇది అవసరానికి పనికొచ్చే ఉపాయం. ఆటోనగర్ దాకా వచ్చిన బండికి మాత్రం టార్కు పానానే వాడించండి.

కొలమానాల దగ్గర మోసపోకూడదు. 10 కిలో-మీటర్లు అంటే 98 న్యూటన్-మీటర్లు, సుమారు 72 పౌండ్-అడుగులు. పుస్తకంలో 100 న్యూటన్-మీటర్లు అని ఉంటే పానా మీద పౌండ్ల గీత దగ్గర 100 పెట్టారనుకోండి. బిగింపు 136 న్యూటన్-మీటర్లకు పోతుంది. మూడో వంతుకు పైగా ఎక్కువన్నమాట.

టక్కుమని శబ్దం చేసే రకం పానాను మెల్లగా, ఒకే తీరుగా లాగాలి. ఒక్క టక్కు వినగానే ఆపాలి. గట్టి కోసం ఇంకో రెండు టక్కులు వేస్తే లెక్క తప్పినట్టే. ఆ పానాతో బోల్టులు విప్పరాదు. పని కాగానే దాన్ని తక్కువ గీతకు తిప్పి పెట్టాలి.

కొత్తరకం ఇంజన్లలో తేడా

ఇప్పటి చాలా ఇంజన్లలో బోల్టులను ముందు కొద్ది టార్కుకు బిగించి, ఆపైన 90 డిగ్రీలు, మళ్ళీ 90 డిగ్రీలు అన్నట్టుగా కోణం లెక్కన తిప్పుతారు. బోల్టు తల మీద రంగు చుక్క పెట్టుకుంటే ఎంత తిరిగిందో కనబడుతుంది. ఈ రకం బోల్టులను కావాలనే ఎక్కువ సాగేలా చేస్తారు. అందువల్ల చాలా ఇంజన్లలో ప్రతిసారి కొత్తవే వేయాలి. కొన్నిటికి పొడవు కొలిచి హద్దులో ఉంటే వాడవచ్చని పుస్తకం చెబుతుంది. పాత డీసీఎంకు చేసిన పద్ధతే వీటికీ చేస్తే పొరపాటు.

డీసీఎం అన్న పేరు సంగతి కూడా ఇక్కడే. 1980లలో వచ్చిన డీసీఎం టొయోటా బండ్ల నుంచి ఆ పేరు మన వైపు మధ్యరకం లారీలన్నింటికీ అంటుకుంది. అందుకే షెడ్డులో "డీసీఎం" అని చెబితే చాలదు. ఏ కంపెనీ, ఏ మోడలు, ఏ ఇంజన్ అన్నది చెప్పి, దాని లెక్కే తీయించాలి.

మళ్ళీ బిగింపు, ట్యాపెట్లు

పాతరకం మెత్తని గాస్కెట్టు వేసిన ఇంజన్లలో, ఇంజన్ ఒకసారి వేడెక్కి చల్లారాక, లేదా కొంత దూరం తిరిగాక బోల్టులు మళ్ళీ సరిచూడమని పుస్తకం చెబుతుంది. గాస్కెట్టు వేడికి కొంచెం అణగడమే దీనికి కారణం. "నడుస్తోంది కదా" అని ఈ రెండో రాకపోకను చాలామంది ఎగ్గొడతారు. తర్వాత గాస్కెట్టు పోతే తప్పు కంపెనీ మీద వేస్తారు. ఉక్కు పొరల గాస్కెట్టు, కోణం బోల్టులు ఉన్న ఇంజన్లకు సాధారణంగా ఈ పని అక్కరలేదు, చేయరాదు. మీ ఇంజనుది ఏ రకమో అడిగి తెలుసుకోండి. హెడ్డు బిగింపు మారిన ప్రతిసారీ ట్యాపెట్ల సందు మళ్ళీ సెట్టు చేయాలి.

అసలు జబ్బు ఎక్కడుంది?

గాస్కెట్టు ఊరికే పోదు. రేడియేటరు మూసుకుపోయిందా, ఫ్యాను బెల్టు జారుతోందా, నీటి పంపు కారుతోందా, థర్మోస్టాటు పనిచేస్తోందా అన్నవి చూడకుండా హెడ్డు బిగిస్తే జబ్బు లోపలే ఉంటుంది. బోరు నీళ్ళు పోస్తే వాటిలోని ఉప్పు ఇంజన్ నీటి దారుల్లో గారలా పేరుకుంటుంది. కంపెనీ చెప్పిన కూలెంటు, శుద్ధి నీళ్ళు కలిపి వాడటం మంచిది.

బండి తీసుకునే ముందు నీళ్ళు నింపి, గాలి తీసి, ఇంజన్ చల్లగా ఉండగానే మూత తీసి స్టార్టు చేయించండి. నీళ్ళలో ఆగకుండా బుడగలు వస్తుంటే మంట నీటి దారిలోకి దూరుతోందని అర్థం. వేడెక్కక ముందే మూత పెట్టేయండి. ఆయిలు పుల్ల తీసి చూడండి. ఆయిలు పాలు కలిపిన చాయ రంగులో ఉంటే అందులో నీళ్ళు కలిశాయి. హెడ్డు దించినప్పుడు ఆయిలు, ఫిల్టరు మార్చడం తప్పనిసరి అనుకోండి.

పంపు ఇంజనుకూ ఇదే పాఠం

లారీ లేని రైతులకు ఈ పాఠం ఎందుకు అనుకోవద్దు. పొలంలో డీజిల్ పంపు ఇంజను, ట్రాక్టరు ఇంజను పనిచేసేది ఇదే సూత్రం మీద. ఒకే సిలిండరు ఉండి నాలుగు స్టడ్డులతో హెడ్డు నిలిచే పంపు ఇంజన్లో నట్లను ఐమూలగా, ఒకదానికి ఎదురుగా ఒకటి, మూడు విడతల్లో బిగించాలి. వరుసగా గుండ్రంగా తిప్పుకుంటూ పోకూడదు. నాటు వేసిన మడి ఎండుతుంటే పంపు రెండోసారి ఆగిపోవడం ఎంత నష్టమో మీకు వేరే చెప్పనక్కరలేదు.

షెడ్డులో అడగవలసినవి

1. ఈ ఇంజనుకు బోల్టుల లెక్క ఎంత, వరుస ఏమిటి? పుస్తకంలో గానీ, గాస్కెట్టు పెట్టెలోని కాగితంలో గానీ చూపించమనండి.
2. హెడ్డు మట్టం ఫీలర్ గేజితో చూశారా? లైనర్ల ఎత్తు చూశారా?
3. బోల్టు గుంటలు ఊది ఆరబెట్టారా?
4. బోల్టులు పాతవే వాడవచ్చా, మార్చాలా?
5. టార్కు పానాతో ఎన్ని విడతల్లో బిగిస్తున్నారు?
6. మళ్ళీ సరిచూడటానికి ఎప్పుడు రావాలి?

ఈ ప్రశ్నలు మర్యాదగా అడిగితే మంచి మెకానిక్కు నొచ్చుకోడు. చూసుకునే యజమాని ఉన్నాడని ఇంకాస్త శ్రద్ధ పెడతాడు. చివరి చుట్టు బిగింపు జరిగేటప్పుడు మాత్రం చాయకు లేచి పోవద్దు. బండి పక్కనే నిలబడి ఒక్కో బోల్టు లెక్కపెట్టండి. బిగింపు అయిన బోల్టు లెక్క, ఆ రోజు తేదీ, బండి తిరిగిన కిలోమీటర్లు ఒక చిన్న పుస్తకంలో రాసిపెట్టుకోండి. మళ్ళీ ఎప్పుడైనా హెడ్డు దించవలసి వస్తే, ఏ షెడ్డుకు పోయినా ఆ రాత మీకు అక్కరకొస్తుంది.